వేలు దూరేంత సందు

జూన్ 3

అక్కకి,

ఇక్కడ అంతా కులాసా అని రాసి, చూసుకుని, కొట్టేశాను. నీ బాబిన్ కాలి గోరు విరిగింది.

నిన్న పొద్దున పాలవాడు తలుపు కొట్టగానే అది రోజూలాగే ఇల్లు దోచుకుపోతున్నట్టు మొరుగుతూ పరిగెత్తింది. గుమ్మం ముందు కాలువ మీద ఇనుప ఊచల మూత ఉంది కదా, దాని సందులో గోరు ఇరుక్కుంది. ఒక్క గుంజు గుంజుకుంది. నేను వెళ్ళేసరికి గోరు నిలువునా చీలి, సగం మొదట్లో అంటుకుని, సగం వేలాడుతోంది. ముందు కుడికాలు, లోపలివైపు నుంచి రెండో వేలు. నీ కుట్టుమిషన్ల కొట్టు నేలంతా నెత్తుటి చుక్కలు. వాటి వెంటే వెళ్ళి బల్ల కింద చూశాను, నాలుగడుగుల దూరం నుంచి. అంతకంటే దగ్గరికి జరిగితే పెదవి ఎత్తి పళ్ళు చూపిస్తోంది.

కుక్కలంటే నాకు ఎంత భయమో నీకు వేరే చెప్పక్కర్లేదు. ఆరేళ్ళ కిందట నువ్వు దీన్ని తెచ్చుకున్న రోజు నుంచి నేను నీ గడప తొక్కలేదు. నువ్వే నెలకోసారి నా గదికి వచ్చేదానివి. ఇప్పుడు నువ్వు స్టూలెక్కి అటక మీంచి కుట్టుమిషను దింపబోయి, తొడ ఎముక విరగ్గొట్టుకుని, రైల్లో ఒక పగలంతా పట్టే ఊళ్ళో ఆసుపత్రి మంచం ఎక్కావు. పదకొండు రోజులుగా అదీ నేనూ ఒకే కప్పు కింద ఉంటున్నాం. అది ముందు కొట్లో, నేను వెనక గదిలో, మధ్య తలుపు. అన్నం గిన్నె నేను కాలితో జరుపుతాను. అది తిని ముక్కుతో జరుపుతుంది. మా మధ్య సంబంధాలు అంతవరకు మర్యాదగానే ఉన్నాయి.

పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి డాక్టరు గురువారాలు మాత్రమే వస్తాడు. ఆయనా సెలవులో ఉన్నాడు, పంతొమ్మిదో తేదీ దాకా రాడు. తలుపుకి కాగితం అంటించారు. 'సెలవు' అన్న మూడక్షరాల మాటలో రెండు తప్పులున్నాయి.

ప్రెస్సులో లెక్కల పుస్తకం ప్రూఫులు నడుస్తున్నాయి. ఇవాళ నలభై పేజీలు దిద్దాలి, పన్నెండు దిద్దాను. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. అది మూలుగుతుంటే తలుపుకి ఇవతల నిలబడి చేతులు నలుపుకుంటున్నాను. ఏం చెయ్యాలో వెంటనే రాయి. నువ్వు రాసింది రాసినట్టు చేస్తాను.

నీ తమ్ముడు


జూన్ 5

ఒరేయ్ కామా,

నువ్వు కంగారుపడి నన్నూ కంగారుపెట్టావు. నీ ఉత్తరం చదివి, లేవబోయి, కాలు గుర్తొచ్చి మళ్ళీ పడుకున్నా. కాలికి తాడు కట్టి, తాడుకి ఇసుక సంచి వేలాడదీశారు. అటు తిరగడానికి లేదు, ఇటు తిరగడానికి లేదు. వెల్లకిలా పడుకుని కాయితం మొహం మీదకి ఎత్తి రాస్తుంటే పెన్నులో సిరా దిగదు, అందుకని పెన్సిలు. నాలుగు ముక్కలు రాసేసరికి భుజాలు పీకేస్తున్నాయి. క్లుప్తంగా రాస్తా, బుర్రపెట్టి చదువుకో.

ముందు నువ్వు భయపడటం మానెయ్. అది పళ్ళు చూపిస్తుందంతే. నొప్పిగా ఉందని చెప్పుకోడానికి దానికి ఇంకేం మాటలున్నాయి. దగ్గర కూర్చుని ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. మాటలు రాకపోతే నీ ప్రూఫులే చదువు.

గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పేసి కాలు కడుగు. వేలాడే ముక్కని నువ్వు పీకకు. నెత్తురు ఆగకపోతే మొక్కజొన్న పిండి అద్ది ఐదు నిమిషాలు నొక్కి పట్టుకో.

ఆరాక కట్టెయ్. మిషను సొరుగులో వెడల్పు నాడా చుట్ట ఉంది, దాంతో కట్టు. మెత్తగా ఉంటుంది, ఒరుసుకోదు. మరీ బిగించకు, వేలు దూరేంత సందు ఉండాలి. రోజుకోసారి విప్పి, పది నిమిషాలు గాలి తగలనిచ్చి, మళ్ళీ కట్టు. తడవనీయకు. కొరికి తెంపుకోవాలని చూస్తుంది, ఊరుకోకు.

అంతే. ఇందులో బ్రహ్మవిద్యేం లేదు. చిన్నప్పుడు నీ మోకాలు ఎన్నిసార్లు చీరుకున్నావో, నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

పక్క మంచం ఆవిడ పోస్టాఫీసులో స్టాంపులు అమ్ముతుందట. నిద్రలో కూడా వేళ్ళతో ఏవో చింపుతూ ఉంటుంది. చూస్తూ పొద్దుపుచ్చుతున్నా.

దానికి నేనొస్తానని చెప్పు. నవ్వకు, చెప్పు.

అక్క


జూన్ 8

అక్కకి,

ముందుగా ఒక మాట. నీ ఉత్తరంలో పదకొండు అక్షరదోషాలున్నాయి. పడుకుని రాశావని క్షమించాను.

నువ్వు రాసింది అక్షరం పొల్లుపోకుండా చేశాను. చాప తీసుకెళ్ళి బల్ల పక్కన వేసుకుని కూర్చున్నాను. మాట్లాడమన్నావు, కుక్కతో ఏం మాట్లాడాలో తెలియక ప్రూఫు కాగితాలు తీశాను. 'ఒక తొట్టిని రెండు కుళాయిలు కలిసి ఆరు గంటల్లో నింపును' అని మొదలుపెట్టాను. మూడో లెక్క దగ్గర అది గడ్డం నేలకి ఆనించింది. ఐదో లెక్కకి కాలు నావైపు చాచింది. నా జన్మలో మొదటిసారి ఒక కుక్క కాలు పట్టుకున్నాను. అరికాలు ఇంత గరుకుగా, మధ్య వెంట్రుకలు ఇంత మెత్తగా ఉంటాయని నాకు తెలియదు. కడిగాను. పిండి అద్దాను. ఐదు నిమిషాలు గడియారం చూసుకుంటూ నొక్కి పట్టుకున్నాను. నెత్తురు ఆగింది. నాకు నేనే నచ్చాను, అబద్ధం ఎందుకు.

ఆరాక నాడా తీసి కట్టాను. వ్యవహారం అక్కడ చెడింది. నాడా చూడగానే అది లేచి నిలబడింది. కట్టినంతసేపూ కదల్లేదు. కరవలేదు, పళ్ళు కూడా చూపించలేదు. ఒళ్ళంతా సన్నగా వణికింది, అంతే. వేలు పెట్టి చూశాను, దూరింది. రెండో వేలు దూరలేదు. కొలత సరిపోయిందనుకున్నాను. తర్వాత అది గోడవైపు తిరిగి పడుకుంది. లెక్కలు చదివినా ఇటు చూడలేదు.

మర్నాడు నువ్వు చెప్పినట్టే విప్పి పది నిమిషాలు వదిలాను. మళ్ళీ నాడా తీసుకురాగానే నిలబడ్డచోటే పోసుకుంది. తుడిచి, మళ్ళీ కట్టాను. రోజూ ఇదే తంతు.

అక్కా, ఇంతలా బెదిరిపోయేదాన్ని కట్టడం అవసరమా? నువ్వు వద్దంటే మానేస్తాను. నాకైతే ఏది మంచో తెలియదు.

నువ్వు వస్తావని చెప్పాను. చెవి ఒకటి కదిలింది.

నీ తమ్ముడు


జూన్ 11

ఒరేయ్,

అవసరమా అని అడుగుతావేంట్రా. కట్టకపోతే మట్టిలో తిరిగి చీము పట్టించుకుంటుంది. గోరు మొదలు పాడైతే వేలికి పాకుతుంది, వేలి నుంచి కాలికి. నువ్వు జాలిపడి విప్పేశావో, నీ వీపు విమానం మోత మోగిపోతుంది, చెప్తున్నా. అది ఏడ్చినా, గింజుకున్నా, నిన్ను చూసి మొహం తిప్పుకున్నా, కట్టు ఉండాల్సిందే. బాగయ్యేదాకా మనం మొండికెయ్యాలి.

నన్ను మాత్రం కట్టలేదా. దురదపెడితే గోక్కోడానికి లేదు. నర్సమ్మ వచ్చేదాకా పైకప్పు చూస్తూ పడుండాలి. డాక్టరుగారు ఆగస్టు అంటున్నారు. ఆగస్టు అని ఎంత తేలిగ్గా అంటారో.

ఒక మాట చెప్తా, వెటకారం చెయ్యకు. ఇక్కడ పళ్ళు బిగబట్టుకుని ఉన్నానంటే అది దానికోసమే. కొట్టు నాలుగు నెలలు మూసినా కొంపలేం అంటుకోవు, మిషన్లు ఇంకెవరైనా బాగుచేస్తారు. తలుపు తియ్యగానే నేను వచ్చానని సంబరపడేది ఈ భూమ్మీద అదొక్కటే. అది లేకపోతే ఇంటికెళ్ళి చేసేదేముంది, ఈ మంచమైనా ఒకటే, ఆ మంచమైనా ఒకటే.

కాబట్టి దాన్ని చూసుకో. ఇంకేం అడగను.

భుజం లాగుతోంది, ఉంటా.

అక్క


జూన్ 14

అక్కకి,

'అదొక్కటే' అన్న మాట దగ్గర ప్రశ్నార్థకం పెట్టి పక్కన సంతకం చేశాను. ప్రెస్సులో అనుమానం వచ్చినచోట అలాగే చేస్తాం, రాసినవాళ్ళే జవాబు చెప్పుకోవాలి. నువ్వు నా గదికి వచ్చినప్పుడల్లా నేనూ సంబరపడతాను. తోక లేకపోవడం నా తప్పు కాదు.

సరే, నా సంగతి వదిలెయ్. బాబిన్‌కి ఏమీ బాగాలేదు.

ఇవాళ్టికి నాలుగు రోజులు, అది అన్నం ముట్టలేదు. పాలలో కలిపి పెట్టాను, గుడ్డు కలిపాను, ఆఖరికి నా చేత్తో నోటిదగ్గర పెట్టాను. తల పక్కకి తిప్పుకుంది. గోరు ముక్క ఊడింది, కాని వేలు బొప్పికట్టినట్టు వాచింది. దగ్గరికి వెళితే వాసన. తెల్లటి రసి కారుతోంది. పొద్దస్తమానం ఆ కాలు నోట్లో పెట్టుకుని నాకుతూనే ఉంటుంది. నాలుక చప్పుడు వెనక గదిలోకి వినిపిస్తుంది. ఆపమని చెబితే ఒక్క క్షణం ఆగి నన్ను చూసి మళ్ళీ మొదలు.

నేను ఎక్కడ తప్పు చేశానో తెలియడం లేదు. నీ ఉత్తరం ముందు పెట్టుకుని ఒక్కో వాక్యం సరిచూసుకున్నాను. మట్టిలోకి వెళ్ళలేదు. ఎలా వెళుతుంది, మిషను కాలికి కట్టిన నాడా రెండు మూరలే కదా, గుమ్మందాకా కూడా అందదు. వాన పడినా తడవలేదు. మెడ దగ్గర వేలు దూరేంత సందు రోజూ చూస్తున్నాను. కొరికి తెంపుకోవాలని చూస్తుందన్నావు, అదీ చెయ్యడం లేదు, నాడా జోలికే పోదు. నువ్వు చెప్పినవన్నీ జరుగుతున్నాయి, అయినా కాలు పాడైపోతోంది.

నిన్న లెక్కల పుస్తకంలో ఒక జవాబు తప్పు వదిలేశాను. ముప్పై ఏళ్ళలో ఇది మూడోసారి.

త్వరగా రాయి.

ఏమీ పాలుపోని నీ తమ్ముడు


జూన్ 16

మిషను కాలికి కట్టిన నాడా ఏంట్రా?

మెడ ఏంట్రా?

నేను కట్టమన్నది కాలికి. దెబ్బకి. వేలికి నాడా చుట్టి కట్టే కట్టు. దూది పెట్టి, చుట్టూ చుట్టి, ముడెయ్యమన్నాను. దాన్ని మిషనుకి కట్టెయ్యమని ఎవరన్నార్రా? ఈ ముక్క చదవగానే కాయితం అక్కడ పడేసి వెళ్ళి విప్పు. విప్పి వచ్చి మిగతాది చదువు.

విప్పావా?

ఇప్పుడు విను. అది కలప డిపోలో పుట్టింది. నాలుగేళ్ళు, నాలుగేళ్ళు రా, ఒక దుంగకి గొలుసేసి కట్టేశారు. తిండి అక్కడే, దొడ్డి అక్కడే, ఎండ అక్కడే. నేను వాళ్ళింట్లో మిషను బాగుచెయ్యడానికి వెళ్ళి చూశా. కూలి వద్దు, ఆ కుక్కనివ్వండి అని అడిగి తెచ్చుకున్నా. మెడ కింద వెంట్రుకలు విడదీసి చూడు, గొలుసు ఒరిసినచోట ఇప్పటికీ బోడిగా ఉంటుంది. ఆరేళ్ళలో నేను దానికి మెడపట్టీ కూడా పెట్టలేదు. నాడా చూడగానే అది ఎందుకు వణికిందో ఇప్పుడు తెలిసిందా. కరవకుండా ఎందుకు నిలబడిందో తెలిసిందా. కరిస్తే ఏమవుతుందో దానికి ఆ నాలుగేళ్ళలో నేర్పించారు.

ఇదంతా నీకు చెప్పలేదు, నిజమే. కుక్క పేరెత్తితే చాలు నువ్వు మాట మార్చేవాడివి, నేనూ ఊరుకునేదాన్ని. కాని వణుకుతోందని నువ్వే రాశావు, పోసుకుందని నువ్వే రాశావు. ఒక్కసారైనా బుర్రకి తట్టలేదా? ఎదుటివాళ్ళ పుస్తకాల్లో అక్షరం పొట్టలో చుక్క తప్పితే కనిపెట్టేవాడివి, నీ చదువు తగలెయ్య.

దానికేమనిపించి ఉంటుంది. అక్క వెళ్ళిపోయింది, ఇంకొకడు వచ్చాడు, మళ్ళీ తాడొచ్చింది. అంతేగా.

గురువారం పంతొమ్మిదో తేదీ. డాక్టరు వస్తాడన్నావుగా. ఎత్తుకెళ్తావో మోసుకెళ్తావో తీసుకెళ్ళు.

ఇంకేం రాయను. రాస్తే నోటికొచ్చినట్టు రాస్తా.


జూన్ 20

అక్కకి,

విప్పాను. నీ రెండో వాక్యం దగ్గరే కాగితం వదిలేసి వెళ్ళి విప్పాను.

మెడ కింద చూశాను. నువ్వు చెప్పినచోటే ఉంది, వేలెడు వెడల్పున బోడిగా, నున్నగా. దానిమీదే నేను పది రోజులకి పైగా వేలు పెట్టి సందు కొలిచాను.

నన్ను ఎన్ని తిట్టినా పడతాను. నువ్వు తిట్టినవి తక్కువ. కాని నేను నిర్లక్ష్యంగా చదవలేదక్కా, అదే నా బాధ. 'కట్టెయ్' అంటే ఆవునీ గేదెనీ కట్టేసినట్టు అనుకున్నాను. 'విప్పి గాలి తగలనిచ్చి' అంటే కాసేపు తిప్పమని అనుకున్నాను. 'దూది' అన్న రెండక్షరాలు అందులో ఉండి ఉంటే నాకు తెలిసేది. ఉత్తరం మళ్ళీ చూశాను, లేవు. నిన్ను తప్పుపట్టడం లేదు. రాసినదాంట్లో నుంచే అర్థం తీయడం నాకు అలవాటు, రాసినవాళ్ళ మొహం చూడటం అలవాటు లేదు.

విప్పిన తర్వాత ఏం జరిగిందో చెప్పాలి. అది లేవలేదు. తలుపు బార్లా తెరిచాను. పిలిచాను. నాడా మొత్తం చుట్టి పొయ్యిలో వేసి కాల్చాను, దాని ఎదురుగానే. బుధవారం కాస్త లేచింది, నీళ్ళ గిన్నెదాకా నడిచింది. నేను గిన్నెని కొంచెం దూరంగా పెట్టాను, బయటికి వస్తుందేమోనని. సరిగ్గా రెండు మూరల దగ్గర ఆగిపోయి, గిన్నెని చూసి, వెనక్కి వెళ్ళి పడుకుంది. గిన్నె నేనే లోపలికి జరిపాను.

దూది పెట్టి కట్టు కట్టబోయాను. కరిచింది. బొటనవేలి పక్కన రెండు గాట్లు. నాకు కోపం రాలేదు, మొదటిరోజే కరిచి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను.

నిన్న గురువారం. ఇస్త్రీ అతన్ని అడిగి తోపుడు బండి తెచ్చి, దుప్పట్లో చుట్టి తీసుకెళ్ళాను. డాక్టరు పెద్దవాడు, మెల్లగా మాట్లాడతాడు. చీము ఎముకదాకా వెళ్ళిందన్నాడు. వేలు తీసేయాలి. మత్తిచ్చి తీయాలి. పది రోజులుగా తిండి లేదు, వయసు మీదపడింది, గుండె చప్పుడు కూడా ఆయనకి నచ్చలేదు. మత్తిస్తే లేవకపోవచ్చు అన్నాడు. లేదంటే ఇంకో దారి ఉంది, బాధ లేకుండా పంపించెయ్యొచ్చు అన్నాడు. రెండింటికీ మొదలు ఒక ఇంజెక్షనే. "కుక్క మీదేనా?" అని అడిగాడు. మా అక్కదండీ అన్నాను. "అయితే ఆవిడని అడిగి వచ్చే గురువారం చెప్పండి, అంతకంటే ఆగదు" అని చీముకి మందు సీసా ఇచ్చాడు. పళ్ళు బిగించుకుంటుంది, సగం నా చొక్కా మీదే పడుతోంది.

నువ్వే చెప్పాలి. నేను నిర్ణయించలేను. ఎప్పుడూ ఎవరో రాసింది దిద్దాను తప్ప, నా అంతట నేను ఒక్క వాక్యం రాసినవాణ్ణి కాదు.

క్షమించమని అడగడం లేదు.

తమ్ముడు


జూన్ 23

కామా,

ఇవాళ తిట్టే ఓపిక లేదు.

పదహారో తేదీన నీకు ఉత్తరం రాసి పడేశాక ఏమైందో చెప్పలేదు. అది మిషనుకి కట్టేసి ఉందన్న మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. లేచి వెళ్ళిపోదామనిపించింది, ఎలాగో నాకే తెలీదు. తాడు పట్టుకుని లేచి కూర్చోబోయా. ఇసుక సంచి జారి కింద పడింది. అతుక్కుంటున్న ఎముక కదిలింది. మళ్ళీ మొదటికొచ్చింది. ఆగస్టు కాదట ఇప్పుడు. నడుస్తానా అని అడిగితే డాక్టరుగారు కిటికీలోంచి బయటికి చూశారు.

నేను రాలేను. ఎంత గింజుకున్నా రాలేను. అది అక్కడ రెండు మూరల నేలమీద కూర్చుని కాలు కుళ్ళబెట్టుకుంటోంది, నేనిక్కడ ఉన్నాను. ఒకరికొకరం ఏం పనికొస్తాం చెప్పు. నేను తెచ్చుకోకుండా ఆ డిపోలోనే వదిలేసి ఉంటే ఈపాటికి దాని బాధలేవో తీరిపోయేవి. ఆరేళ్ళు ఆశపెట్టి మళ్ళీ అక్కడికే చేర్చా.

చాలు. గురువారం తీసుకెళ్ళు. ఒక్క ఇంజెక్షన్ ఇప్పించు. ఆ తర్వాత దానికి నొప్పి ఉండకూడదు. నువ్వు పక్కనే ఉండు, భయపడకుండా తలమీద చెయ్యి వెయ్యి. చెవుల మధ్య రాస్తే దానికిష్టం.

నీమీద కోపం లేదు. నాకిప్పుడు ఇంటికి తొందర కూడా లేదు. కొట్టు తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో.

అక్క


జూన్ 27

అక్కకి,

నీ ఉత్తరం బుధవారం సాయంత్రం అందింది. ఆరుసార్లు చదివాను.

నిన్న తీసుకెళ్ళాను. డాక్టరు ఏం నిర్ణయించుకున్నారని అడిగాడు. ఉత్తరం ఆయన చేతికిచ్చాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, మడిచి ఇచ్చి, "పంపించెయ్యమంటున్నారు మీ అక్కగారు" అన్నాడు.

నేను లేదండీ అన్నాను.

"ఇందులో అదే రాశారు కదా."

"లేదండీ. ఒక్క ఇంజెక్షన్ ఇప్పించు, ఆ తర్వాత నొప్పి ఉండకూడదు అని ఉంది. మత్తు ఇంజెక్షన్ ఒక్కటే కదా. వేలు తీసేశాక నొప్పి ఉండదు కదా. అదే రాసింది."

ఆయన నా మొహం చూశాడు. "మీరేం చేస్తుంటారు?" అని అడిగాడు. ప్రూఫులు దిద్దుతానండీ, రాసింది రాసినట్టు చదవడమే నా పని అన్నాను. ఆయన లేచి, చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు.

ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు పక్కనే ఉన్నాను. చెవుల మధ్య రాశాను. కళ్ళు మూతలు పడేదాకా నన్నే చూసింది. ఆ చూపు ఎలా ఉందంటే, రాయలేను. బయట బల్లమీద కూర్చోమన్నారు. జేబులో ప్రూఫు కాగితాలున్నాయి, తీసి పెదవులు కదుపుతూ చదువుతూ కూర్చున్నాను. ఏ లెక్క చదివానో తెలియదు. గంటకి పైగా పట్టింది. మధ్యాహ్నం మూడింటికి కళ్ళు తెరిచింది.

సంతోషించమని చెప్పడం లేదు. మూడు రోజులు గడిస్తే గాని ఏమీ చెప్పలేనన్నాడు డాక్టరు. ఇవాళ పొద్దున కట్టు మార్చాను. వేళ్ళ మధ్య దూది పెట్టి, పాదానికి గుడ్డ చుట్టి, పైన ముడేశాను. మళ్ళీ కరవబోయి, ఓపిక లేక మానేసింది. అన్నం ఇంకా ముట్టలేదు. చెంచాతో నీళ్ళు పోస్తే కొంచెం మింగింది, ఎక్కువ కారిపోయింది. ఆ రెండు మూరలు దాటి రాలేదు. నేనే నా చాప లోపలికి జరుపుకున్నాను. ఇద్దరం మిషను కిందే ఉన్నాం. ఇది బతుకుతుందో లేదో నాకు తెలియదు. నేను చేసింది మేలో, బాధని ఇంకో వారం పొడిగించానో, అదీ తెలియదు. నువ్వొస్తావని మాత్రం రోజూ చెబుతున్నాను.

ఒక్కటి నీకు చెప్పాలి. మొదటిసారి నీ ఉత్తరం తప్పుగా చదివాను, ఒప్పుకున్నాను. ఈసారి తప్పు చదవలేదు. ఆ వాక్యం నువ్వు ఏ ఉద్దేశంతో రాశావో, రాస్తూ పెన్సిలు ఎక్కడ ఆపావో, కాగితం ఎక్కడ తడిసిందో, అన్నీ కనిపించాయి. మొట్టమొదటిసారి రాసినవాళ్ళ మొహం చూస్తూ చదివాను. చూసే, కావాలని తప్పు చదివాను. ఇది పోతే నువ్వు రావు. నువ్వు రాకపోతే, తాళంచెవి పట్టుకుని నేనేం చెయ్యను?

దీనికి నన్ను తిట్టాలి. తిట్టు. కాని ఉత్తరంలో తిట్టకు, నీ అక్షరాలు నేనెలా చదువుతానో చూశావుగా. ఇంటికొచ్చి తిట్టు.

నీ తమ్ముడు